బుజ్జిగాడి గోత్రం

నా ఉద్యోగ జీవితంలో ముప్పాతిక భాగం గేదెలతో గడిచింది. ఉయ్యూరు దగ్గర మొదలుపెట్టి, గుడివాడ, కైకలూరు తిరిగి, భుజం దాకా చెయ్యి పెట్టి అడ్డం తిరిగిన దూడల్ని బయటికి లాగిన పశువుల డాక్టర్ని నేను. గేదె యజమానితో ఒక సుఖం ఉంది. పాలు తగ్గాయమ్మా అంటాడు, ఈనలేకపోతోందమ్మా అంటాడు, పని అయ్యాక దండం పెట్టి కాఫీ ఇప్పించి పంపిస్తాడు. తన గేదె పక్కింటి గేదె కంటే గొప్ప వంశంలో పుట్టిందని ఏ రైతూ నాతో తగువు పెట్టుకోలేదు. రిటైర్మెంటుకు కొన్నేళ్ల ముందు నన్ను విజయవాడకు బదిలీ చేసి కుక్కల విభాగం అప్పగించారు. అప్పటిదాకా పశువుల్ని చూశాను. మనుషుల్ని చూడటం అప్పుడు మొదలైంది.

కొత్తగా పట్టా పుచ్చుకున్న పిల్లలు ఇప్పటికీ వచ్చి, మీ అనుభవంలో గొప్ప కేసు ఒకటి చెప్పండి మేడం అంటారు. ఏదో పెద్ద ఆపరేషన్ గురించి చెబుతాననుకుంటారు పాపం. నేను బుజ్జిగాడి సంగతి చెబుతాను. ఆ కేసులో నేను కత్తి పట్టలేదు, సూది పట్టలేదు. మైకు మాత్రం పెట్టుకున్నాను. మనుషుల పేర్లు రాయను. కుక్కల పేర్లు రాస్తాను. అవి ఫోన్ చేసి నిష్ఠూరాలాడవు కదా.

మా ఊళ్లో మూడు బ్రీడ్ క్లబ్బులున్నాయి. లాబ్రడార్ క్లబ్బు అధ్యక్షుడిది హనుమాన్ జంక్షన్, లారీల వ్యాపారం. ఎప్పుడూ నవ్వుతుంటాడు, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతుంటాడు. ఆయన కుక్క లడ్డూ కూడా అంతే. షెపర్డ్ క్లబ్బు అధ్యక్షుడు పోలీసు శాఖలో కుక్కలకు శిక్షణ ఇచ్చి రిటైరైన అధికారి. ఆయన కూర్చోమంటే కుక్కలతో పాటు మేమూ కూర్చునేవాళ్లం. రాట్‌వీలర్ క్లబ్బు అధ్యక్షుడికి కైకలూరు వైపు చేపల చెరువులున్నాయి, కాపురం భవానీపురంలో. చిన్నపిల్లలు జడుసుకునేలాంటి మీసాలు. ఆ మీసాల వెనక మనసు మాత్రం వెన్నపూస. తన కుక్క కింగ్‌కు టీకా వేయించాలంటే గొలుసు నా చేతికిచ్చి, తను బయటికెళ్లి గోడవైపు తిరిగి నిలబడేవాడు.

ఈ ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు. లాబ్రడార్‌వారి దృష్టిలో షెపర్డులు పిరికివి. షెపర్డ్‌వారి దృష్టిలో లాబ్రడార్లు తిండిపోతులు. రాట్‌వీలర్‌వారి దృష్టిలో మిగిలిన రెండూ అసలు కుక్కలే కావు. కుక్కలకు కులం లేదని ఎవరన్నారో గానీ ఈ క్లబ్బుల వార్షికోత్సవానికి ఒక్కసారి వెళ్లి ఉంటే అనేవారు కాదు.

ఈ మూడు జాతులకూ కలిసి ఉన్నది ఒక్కటే, తుంటి జబ్బు. తొడ ఎముక గుండు తుంటి గిన్నెలో సరిగా కూర్చోక అరిగిపోతుంది. పుట్టుకలోనే వస్తుంది, తల్లిదండ్రుల నుంచి వస్తుంది, రక్తసంబంధం దగ్గరైన కొద్దీ ఎక్కువగా వస్తుంది. అందుకని జత కలిపే ముందు ఎక్స్‌రే తీసి చూడండి, దగ్గర చుట్టాల్ని కలపకండి అని మేం మొత్తుకుంటాం. వాళ్లు తల ఊపుతారు. ఇంటికెళ్లి తండ్రికీ కూతురికీ ముడిపెడతారు, ఎందుకంటే రెండూ ఒకే పెరట్లో ఉన్నాయి కనుక, ఇంకో ఊరు వెళ్లే పని తప్పుతుంది కనుక.

సర్వీసులో ఉండగా ఒకరోజు నాకు చిర్రెత్తుకొచ్చి మూడు క్లబ్బులవాళ్లకూ వేర్వేరుగా ఒకే పాఠం చెప్పాను. జన్యువుల మాట ఎత్తలేదు. ఎత్తితే ఫోన్లు తీసి చూసుకుంటారని తెలుసు. మీ ఇంట్లో పిల్లకు సంబంధం వస్తే ముందు ఏం చూస్తారండీ, గోత్రం చూస్తారు కదా, కుక్కకూ గోత్రం ఉంటుంది అన్నాను. తండ్రి ఎవరు, తాత ఎవరు చూడండి, ఒకే మగకుక్క వంశమైతే సగోత్రం, ముట్టుకోవద్దు అన్నాను. ఆ పాఠం మందు కంటే బాగా పనిచేసింది. నెల తిరిగేసరికి జనం ఆస్పత్రికి వచ్చి, మా వాడిది ఫలానా గోత్రం మేడం, మంచి సంబంధం ఉంటే చెప్పండి అనడం మొదలుపెట్టారు. లాబ్రడార్‌వారు ఇంకో అడుగు ముందుకేసి, ఆషాఢంలో పిల్లను పంపించొచ్చా అని ఫోన్ చేశారు. నాకు గర్వంగా ఉండేది. ఇంత చదువు చదివినవాళ్లు చెప్పలేనిది నేను ఒక్క మాటలో చెప్పాననుకునేదాన్ని.

నేను రిటైరై, భవానీపురంలో చిన్న క్లినిక్ పెట్టుకున్నాక అసలు గొడవ వచ్చింది. ఎక్కడో వేరే ఊళ్లో ఒక రాట్‌వీలర్ ఎవరినో కరిచింది. టీవీలో ఆ ముక్కే పొద్దస్తమానం తిప్పితిప్పి చూపించారు. మా ఊళ్లో అపార్టుమెంట్ల సంఘాలన్నీ ఒక్కసారిగా మేలుకున్నాయి. మొదట్లో లాబ్రడార్‌వారు, షెపర్డ్‌వారు లోలోపల సంతోషించారనే చెప్పాలి. మా కుక్కలు అలాంటివి కావని చెప్పుకున్నారు కూడా. తరవాత సంఘాలవాళ్లు రాట్‌వీలర్, షెపర్డ్, లాబ్రడార్ అనే తేడా లేకుండా, మోకాలు దాటిన కుక్క ఏదైనా వద్దనేసరికి ముగ్గురు అధ్యక్షులకూ తత్వం బోధపడింది. తన దాకా వస్తే గానీ తెలియదంటారు కదా.

ముగ్గురూ కలిసి ఒక ఉమ్మడి సంఘం పెట్టుకుని, దానికి నన్ను కన్వీనర్‌గా ఉండమని అడిగారు. నా మీద గౌరవంతో కాదు. మా ఇంట్లో ఉన్నది వీధికుక్క గనక నాకు ఏ జాతి మీదా పక్షపాతం ఉండదట. వద్దులెండి, కుక్క తోక పట్టుకుని గోదారి ఈదలేను అన్నాను. అనేసి ఊరుకున్నదాన్నే, ఆ మర్నాడు హెడ్ సిస్టర్‌గారు రాకపోతే.

ఆవిడ గుణదలలో ఉంటారు. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సులకు పెద్ద. ఆవిడ వార్డులో నడుస్తుంటే డాక్టర్లు కూడా చేతులు కడుక్కుంటారని చెప్పుకుంటారు. తండ్రి పోయాక ఇద్దరు తమ్ముళ్లనూ చదివించి, పెళ్లిళ్లు చేసి, తను పెళ్లి మాట మరిచిపోయిన మనిషి. ఆవిడ కుక్క బుజ్జిగాడు. ఆ పేరు విని చంకలో పట్టే కుక్కనుకునేరు. వాడు రాట్‌వీలర్, తల నీళ్ల బిందెంత ఉంటుంది.

వాడి మీద అపార్టుమెంట్ సంఘం సెక్రటరీ నోటీసు ఇచ్చారు. మెట్ల మీద అడ్డంగా కూర్చున్నాడట, లెమ్మని కాలితో కదిపితే గుర్రుమన్నాడట. ప్రమాదకరమైన జంతువు, నెలాఖరులోగా పంపించెయ్యాలి అన్నారు. ఆవిడ ఆస్పత్రి గొంతుతో వాదిస్తే ఆయన ఒక్క మెట్టు దిగారు. మీ కుక్క మంచిదని నలుగురి ముందు ఆ క్లబ్బులవాళ్లు పరీక్ష పెట్టి తేల్చితే ఉండనిస్తాను, లేకపోతే లేదన్నారు. ఉండకపోతే బుజ్జిగాడి దారి కూడా ఖాయమైంది. రాట్‌వీలర్‌వారు జాలిపడి, చెరువు గట్టు మీద కాపలాకు కట్టేసుకుంటానన్నారు.

ఆవిడ నా ఎదుట కుర్చీలో నిటారుగా కూర్చుని చెప్పారు. "వాడికి వర్షమంటే భయమండీ. గొలుసేసి గట్టు మీద కట్టేస్తే వాడు బతకడు. నేను అందరికీ చేశాను డాక్టరుగారూ. నాకోసం తెచ్చుకుంది వీణ్నొక్కణ్నే."

కన్వీనర్‌గా ఉంటానని ఆ సాయంత్రమే ఫోన్ చేశాను.

మొదటి సమావేశం హనుమాన్ జంక్షన్‌లో, బైపాస్ పక్కన ఒక హోటల్లో. ఎవరింట్లో పెట్టినా ఇంకొకరికి కోపం, అందుకని హోటల్లో. ఆ పూటంతా బ్యానర్ మీద ఏ కుక్క ఫోటో ఎడమవైపు ఉండాలనే దాని మీదే గడిచింది. చివరికి మూడింటినీ గుండ్రంగా వేయించారు. రెండో సమావేశం భవానీపురంలో రాట్‌వీలర్‌వారి ఇంట్లో. రొయ్యల వేపుడు తిన్నాక అందరి మనసులూ మెత్తబడి మూడు విషయాలు ఒప్పుకున్నారు. జత కలిపే ప్రతి కుక్క తుంటి ఎక్స్‌రే మిగిలిన రెండు క్లబ్బులకూ చూపించాలి. దగ్గర చుట్టాల్ని కలపకూడదు. గుణదలలో ఒక హాలు తీసుకుని, అపార్టుమెంట్లవాళ్లను పిలిచి, వాళ్ల ముందు కుక్కలకు ప్రవర్తన పరీక్ష పెట్టాలి.

రెండోదాని దగ్గర రాట్‌వీలర్‌వారు మీసం దువ్వుకున్నారు. "ఆ విషయంలో మాకు చెప్పక్కర్లేదండీ. మీరు ఆనాడు చెప్పిన దగ్గర్నుంచీ గోత్రం చూడకుండా నేనేదీ చేయలా. మా కింగ్‌గాడికిచ్చిన సంబంధాలన్నీ వాడి అక్క కూతుళ్లే."

నా చేతిలో మజ్జిగ గ్లాసు ఆగిపోయింది. అక్క కూతుళ్లా అన్నాను.

అవునండీ, మేనరికాలు అన్నారాయన. నేనెందుకు తెల్లబోయానో ఆయనకు అర్థం కాలేదు. అక్క ఇంకో ఇంటికి వెళ్లిపోయింది, దాని కూతురిది ఆ మగవాడి గోత్రం, మనకు వరసైన పిల్ల, మన ఇళ్లల్లో చేసుకోవట్లేదా అని నాకే తిరిగి పాఠం చెప్పారు. చెప్పింది అక్షరాలా నిజం. నేను గొప్పగా కనిపెట్టిన గోత్రం సూత్రంలో, జంక్షన్‌లో ఆగిన లారీ అడ్డంగా దూరిపోయేంత కన్నం ఉంది. ఎన్నేళ్లుగానో ఆయన ఆ కన్నంలోంచే దర్జాగా కుక్కపిల్లల్ని తోలుకొస్తున్నారు.

మేనమామ, మేనకోడలు అంటే రక్తం ఎంత దగ్గరో వివరించబోయాను. ఆయన నొచ్చుకున్నారు. "నేను మా అక్క కూతుర్నే చేసుకున్నానండీ. మాకేమైంది చెప్పండి."

పెరుగు గిన్నె తెస్తున్న ఆయన భార్య గుమ్మంలోనే ఆగి, చాలా మర్యాదగా అన్నారు. "అందుకేనండీ చెబుతున్నా. ఆ డాక్టరుగారు చెప్పేది వినండి."

షెపర్డ్‌వారు జీవితంలో మొదటిసారి నవ్వడం చూశాను. ఆ నవ్వే కొంప ముంచింది. రాట్‌వీలర్‌వారికి పౌరుషం వచ్చి, మా వంశంలో కుంటివాళ్లెవరూ లేరు, కింగ్‌గాడికి తుంటి ఫోటో తీయించే ప్రసక్తే లేదన్నారు. అయితే ముందు మీది చూపించండి, కాదు మీది చూపించండి అని మిగతా ఇద్దరూ అందుకున్నారు. మూడు క్లబ్బుల ఎక్స్‌రేలూ ప్రదర్శన అయ్యేదాకా వాయిదా పడ్డాయి. పరీక్ష నియమాలు మాత్రం నన్నే రాయమన్నారు. కుక్క మొరిగితే ఒక మార్కు తగ్గించాలి, మనిషి మీద గుర్రుమంటే ఫెయిల్ అని రాశాను. సంఘాలవాళ్లు నమ్మాలంటే గట్టిగా ఉండాలనుకున్నాను.

ప్రదర్శన రోజు గుణదలలో హాలు నిండిపోయింది. ముందు వరసలో అపార్టుమెంట్ల పెద్దలు. వాళ్ల మధ్యలో బుజ్జిగాడి మీద నోటీసిచ్చిన సెక్రటరీగారు. కరెంటు శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి, రెండు మోకాళ్లకూ పట్టీలు, ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకుని కాలు చాపి కూర్చున్నారు. మైకులవాళ్లు నా పైట కొంగుకు ఒక చిన్న మైకు తగిలించారు. ఊపిరి పీల్చినా హాలంతా వినిపిస్తోంది.

ప్రారంభం మంచి పేరున్న జాతితో చేద్దామని లడ్డూను ముందు పిలిచాం. లాబ్రడార్‌వారు చిన్న ఉపన్యాసం ఇచ్చారు. మా జాతి ఎంత ఆకలితో ఉన్నా యజమాని చెప్పందే మెతుకు ముట్టదు అన్నారు. స్టూలు మీద పళ్లెంలో పూర్ణాలు పెట్టాం, కుక్క వాటిని చూసీ చూడనట్టు పక్కనుంచి నడిచి వెళ్లాలి. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం అన్నట్టు, ఉపన్యాసం పూర్తయి ఆయన వెనక్కి తిరిగేసరికి పళ్లెం ఖాళీ. లడ్డూ అక్కడితో ఆగకుండా వేదిక వెనక మా భోజనాల గంగాళాల వైపు నడిచాడు. వాణ్ని పట్టుకోవడానికి వెళ్లిన లాబ్రడార్‌వారు కూడా చాలాసేపటిదాకా తిరిగి రాలేదు.

తరవాత షెపర్డ్‌వారి కమాండో. నడక అద్భుతం, కూర్చోవడం అద్భుతం. హాలు చప్పట్లు కొట్టింది. ఎదురుగా ఒక మనిషి హఠాత్తుగా గొడుగు తెరవాలి, అదీ తరవాతి అంశం. ఆ గొడుగు ఆడవాళ్లు సంచిలో పెట్టుకునే పూల గొడుగు. అది టప్‌మని తెరుచుకోగానే కమాండో పెద్దమనుషుల బల్ల కిందికి దూరి, ఎవరిదో చెప్పు మీద తల పెట్టుకుని వణికిపోయాడు. ఆ పోలీసు అధికారి మొహం చూడలేక నేను కాగితాల్లోకి చూశాను.

అప్పుడు బుజ్జిగాడు వచ్చాడు. హెడ్ సిస్టర్‌గారు ఆస్పత్రి చీరలోనే వచ్చారు, డ్యూటీ మధ్యలో. వాడు నెమ్మదిగా, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తున్నట్టు నడిచి, మధ్యలోకి వచ్చి పడుకున్నాడు. గొడుగు తెరిచారు, కన్నెత్తి చూశాడు. స్టీలు పళ్లెం పడేశారు, చెవి కదిలించాడు. ఇద్దరు పిల్లలు బంతితో పక్కనుంచి పరిగెత్తారు, ఆవులించాడు. గంగాళాల దగ్గర మిగిలిన ఒక్క పూర్ణాన్నీ తెచ్చి ముక్కు ముందు పెట్టారు, వాడు ఆవిడ మొహంలోకి చూశాడు, ఆవిడ వద్దన్నారు, తల పక్కకు తిప్పుకున్నాడు. హాలంతా చప్పట్లతో మోగిపోయింది. రాట్‌వీలర్‌వారు కళ్లు తుడుచుకున్నారు. సెక్రటరీగారు కూడా పక్కాయనతో ఏదో మంచి మాటే అన్నట్టు కనిపించింది. నా గుండె తేలికపడింది.

ఇక మిగిలింది ఒక్కటే, కొత్త మనిషి తల నుంచి తోక దాకా చెయ్యి వెయ్యాలి. ఆ కొత్త మనిషిని నేనే. వాడి పక్కన కూర్చుని తల నిమిరాను, నా చెయ్యి నాకాడు. మెడ, వీపు, నడుము. తుంటి మీదికి చెయ్యి వెళ్లేసరికి వాడి ఒళ్లు బిగిసింది. గుర్రుమన్నాడు. నా కొంగుకున్న మైకు ఆ గుర్రును ఆరు స్పీకర్లలో వినిపించింది. గుణదల కొండ మీదివాళ్లకు కూడా వినిపించి ఉంటుంది.

ముందు వరస మొత్తం లేచింది. పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. వేదిక మీది నుంచి రాట్‌వీలర్‌వారు, గురకండీ, కూర్చోండి, వాడు నిద్రపోతున్నాడు అన్నారు. బుజ్జిగాడు కళ్లు తెరుచుకుని అందర్నీ చూస్తూనే ఉన్నాడు.

సెక్రటరీగారు మైకు అడిగి తీసుకున్నారు. ఆయన గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ భయం వేసింది. మనిషి మీద గుర్రుమంటే ఫెయిల్ అని నియమం మీదే కదండీ మేడం, మేం రాసింది కాదు కదా అన్నారు. కాదు, నేనే రాశాను. అడకత్తెరలో పోకచెక్కలా అయింది నా పని. హెడ్ సిస్టర్‌గారి వైపు చూడలేకపోయాను.

ఇక చేతుల్ని వాటి పని చెయ్యనిచ్చాను. వాడి వెనక కాలు మెల్లగా ఎత్తి చాపాను. వాడు తల తిప్పి నా మణికట్టు నోట్లోకి తీసుకున్నాడు. పన్ను దిగలేదు. వద్దమ్మా అన్నట్టు నా చేతిని పక్కకు జరిపి వదిలేశాడు. అప్పుడర్థమైంది. వాడు బుద్ధిగా పడుకోలేదు, లేవలేక పడుకున్నాడు. ఇంత నొప్పితో ఉన్న కుక్కను మేమందరం కలిసి చప్పట్లు కొట్టి మెచ్చుకున్నాం. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇది పొగరు కాదండీ, తుంటి నొప్పి అని మైకులో చెప్పాను.

సెక్రటరీగారు తల అడ్డంగా ఊపారు. "ఫెయిలయ్యాక కడుపునొప్పి సర్టిఫికెట్ తెచ్చినట్టుందండీ. మా ఆఫీసులో పరీక్ష తప్పిన కుర్రాళ్లూ ఇట్టాగే తెచ్చేవాళ్లు."

జనం నవ్వారు. హెడ్ సిస్టర్‌గారు నవ్వలేదు. గొలుసు నా చేతిలో పెట్టి, తిన్నగా ఆయన దగ్గరికి నడిచి, ఆ కాలు ఇటివ్వండి సెక్రటరీగారూ అన్నారు. అది వార్డులో వినిపించే గొంతు. ఆ గొంతుకు ఎదురు చెప్పిన రోగి ఉండడు. ఆయన ఎందుకని కూడా అడగకుండా కాలు ముందుకు జరిపారు. ఆవిడ వంగి, మోకాలి చిప్ప పక్కన, ఎక్కడ నొక్కాలో అక్కడ బొటనవేలితో నొక్కారు.

సెక్రటరీగారి చేతిలో మైకు ఇంకా అలాగే ఉంది. ఆయన పెట్టిన కేక ముందు బుజ్జిగాడి గుర్రు ఏపాటిది. కేక వెనకే ఒక మాట వచ్చింది. అందులో ఆవిడ పూర్వీకుల ప్రస్తావన ఉంది. ఆ మాట ఇక్కడ రాయను. పెద్ద ఉద్యోగాలు చేసిన పెద్దమనుషుల నోట కూడా అలాంటి మాటలు నిలవ ఉంటాయని ఆరోజు గుణదల మొత్తానికి తెలిసింది.

ఆవిడ నెమ్మదిగా లేచారు. "నొప్పెడితే మీరు నన్ను తిట్టారండీ. కరవలేదు. మా వాడూ అంతే చేశాడు."

నవ్వులు సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది. సెక్రటరీగారు మోకాలు పట్టుకుని, ఎర్రబడ్డ మొహంతో బుజ్జిగాడి వైపే చూస్తున్నారు. నేను ఆవిణ్ని మీది ఎన్నో అంతస్తని అడిగాను. నాలుగో అంతస్తు అన్నారు. లిఫ్టు లేదా అన్నాను.

"ఉందండీ. కుక్కలు ఎక్కకూడదని రూలు."

ఆ రూలు ఎవరిదో ఎవరూ అడగలేదు. ఆయనే తల దించుకున్నారు. రోజూ నాలుగు అంతస్తులు దిగి, ఎక్కి, మధ్యలో తుంటి మొరాయించినప్పుడల్లా వాడు మెట్ల మీద కూలబడుతున్నాడు. అలా కూలబడ్డ కుక్కను ఆయన కాలితో కదిపిన చోటు ఏదో ఇప్పుడు ఆయనకూ తెలిసి ఉంటుంది.

అప్పుడు రాట్‌వీలర్‌వారు వేదిక దిగి వచ్చారు. నేను పిలవలేదు. ఆయన మైకు కూడా తీసుకోలేదు, ఆ గొంతుకు అక్కర్లేదు. "వాడు మా కింగ్‌గాడి కొడుకండీ. తల్లి కింగ్‌గాడికే మేనకోడలు. సంబంధం కుదిర్చింది నేను. తప్పుంటే నాది, కుక్కది కాదు. రేపు కింగ్‌గాడికి ఫోటో తీయిస్తా. ఇక వాడికి సంబంధాల్లేవు." అని బుజ్జిగాడి పక్కన నేల మీద చతికిలబడ్డారు. తన కింగ్‌గాడి వంశాన్ని ఆయన ఎంత ప్రేమగా చెప్పుకునేవారో తెలిసినదాన్ని గనక ఆ మాట ఎంత బరువో నాకు తెలుసు. ఆ మనిషి మీద ఆ క్షణంలో నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ పోలేదు.

అంతలో షెపర్డ్‌వారు లేచి నిలబడ్డారు. పై అధికారికి రిపోర్టు ఇస్తున్నట్టు, కమాండో ఎక్స్‌రే తీయించాను, బాగోలేదు, చెప్పలేదు అని కూర్చున్నారు. గంగాళాల దగ్గర్నుంచి అప్పుడే వచ్చిన లాబ్రడార్‌వారు నోట్లోది మింగి, మా లడ్డూది రెండు చోట్ల తీయించానండీ, రెండు చోట్లా అదే వచ్చింది అన్నారు. రెండు సమావేశాల్లో, ఒక రొయ్యల వేపుడుతో రాని నిజం అలా మూడు నిమిషాల్లో బయటపడింది. జాతుల పరువు నిలబెడదామని పెట్టిన సభలో ముగ్గురు అధ్యక్షులూ తమ కుక్కల గుట్టు తామే విప్పుకున్నారు. ఇంకేం పరువు, అంతా అయిపోయిందనుకున్నాను. హాలు మాత్రం ఖాళీ కాలేదు. వెనక వరసలోంచి ఒకాయన వచ్చి, మా వాడిక్కూడా ఆ ఫోటో తీస్తారా మేడం, ఈ మధ్య సోఫా ఎక్కట్లేదు అన్నాడు. ఆయన వెనక ఇంకొందరు నిలబడ్డారు.

బుజ్జిగాణ్ని జంబుఖానా మీద పడుకోబెట్టి తలో మూల పట్టుకున్నాం. మూడు మూలలు మూడు క్లబ్బులు, నాలుగోది నేను. ముందు క్లినిక్‌కు తీసుకెళ్లి ఎక్స్‌రే తీశాను. రెండు తుంట్లూ పాడే. మందులున్నాయి, బరువు తగ్గించాలి, మెట్లు మాత్రం అసలు వద్దని చెప్పాను. ఆవిడ అన్నీ విని, నెలాఖరు దాకానేగా డాక్టరుగారూ, తరవాత గట్టు మీద మెట్లుండవు అన్నారు. అంతసేపూ నిటారుగా ఉన్న మనిషి ఆ మాట అనేసి వాడి మెడ మీద మొహం పెట్టుకుని ఏడ్చారు. సెక్రటరీగారు ఏమీ తేల్చకుండానే హాలు నుంచి వెళ్లిపోయిన సంగతి అప్పుడు మా అందరికీ గుర్తొచ్చింది.

అదే జంబుఖానా పట్టుకుని వాళ్ల అపార్టుమెంట్‌కు చేరాం. నాలుగు అంతస్తులు మోయాలని షెపర్డ్‌వారు అందరికీ స్థానాలు చెబుతున్నారు. లోపలికి వెళ్లి చూస్తే సెక్రటరీగారు లిఫ్టు దగ్గర ఉన్నారు. తలుపు మూసుకుపోకుండా వీపు ఆనించి నిలబడ్డారు. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో, మోకాళ్లు వణుకుతున్నాయి. పై అంతస్తులవాళ్లు లిఫ్టు కోసం అరుస్తుంటే, ఆగండి, పేషెంటు వస్తోంది అని పైకి చూసి చెబుతున్నారు.

బుజ్జిగాడు జంబుఖానా దిగి, వాసన చూసి, లోపలికి నడిచి ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఆయన కాలు జరుపుకుని వాడికి చోటిచ్చారు. నెలాఖరు మాటేంటండీ అని హెడ్ సిస్టర్‌గారు అడిగారు.

"ఇవాళ్టి నుంచి వీడు మెట్ల మీద కనిపిస్తే మీకు నోటీసిస్తానమ్మా. లోపలికి రండి."

ఆవిడ లోపలికి వెళ్లారు. మేం నలుగురం కూడా అడుగు ముందుకేశాం. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, లిఫ్టు కాళ్ల నొప్పులున్నవాళ్లకండీ, మీరు మెట్లెక్కి రండి అన్నారు. తలుపు మూసుకుంది. మూడు క్లబ్బుల అధ్యక్షులూ, వాళ్ల వెనక నేనూ, నాలుగు అంతస్తులూ ఎక్కాం.